ఆరోగ్యవరం నుంచి దేశానికి క్షయ వైద్యం
డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోడ్ట్ మోలర్ జీవిత విశేషాలు

మదనపల్లె: చిత్తూరు జిల్లా ఏర్పడి అప్పటికి నాలుగేళ్లు. 1911 వరకు కడప జిల్లాలో ఉన్న మదనపల్లె తాలూకా కొత్త జిల్లాలో కలిసింది. 1915లో ఆ చిన్న పట్టణంలో రెండు సంస్థలు వెలిశాయి. ఒకటి దివ్యజ్ఞాన సమాజం వారి కళాశాల. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడ బస చేసి జనగణమనను ఆంగ్లంలోకి అనువదించిన సంగతి జిల్లా వాసులందరికీ తెలిసిందే. రెండోది పట్టణ శివారున, జనావాసాలకు దూరంగా వెలిసిన క్షయ చికిత్సాలయం. దాని మొదటి సూపరింటెండెంట్ డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోడ్ట్ మోలర్. డెన్మార్క్ దేశస్థుడైన ఈ మిషన్ వైద్యుడి పేరు పట్టణంలో నేడు కొద్దిమందికే గుర్తుండగా, క్షయ వైద్య చరిత్ర గ్రంథాల్లో మాత్రం మదనపల్లె పేరుతో పాటే కనిపిస్తుంది.

పలు క్రైస్తవ మిషన్లు ఉమ్మడిగా ఖర్చు భరించి నెలకొల్పినందున దీనికి యూనియన్ మిషన్ ట్యూబర్‌క్యులోసిస్ శానిటోరియం అని పేరు పెట్టారు. ఆ ప్రదేశం ఆరోగ్యవరం అయింది. సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు, పొడి గాలి, చుట్టూ కొండలు ఉండటంతో మద్రాసు ఉక్కపోతలో తీసుకుంటున్న రోగికి ఇక్కడి గాలే మందు అని ఆనాటి వైద్యులు భావించేవారు. దేశంలో తొలి శానిటోరియం 1906లో అజ్మీర్ సమీపంలోని తిలోనియాలో ప్రారంభమైంది. దక్షిణాదిన ఆ బాటలో నడిచి పేరు తెచ్చుకున్నది ఆరోగ్యవరమే.

మందు లేని కాలం

క్షయ క్రిమిని రాబర్ట్ కాక్ 1882లోనే కనుగొన్నారు. అయినా దానిని చంపే మందు 1940వ దశకం దాకా ఎవరి చేతికీ అందలేదు. ఫ్రిమోడ్ట్ మోలర్ మదనపల్లెలో పనిచేసిన కాలమంతా మందు లేని కాలమే. అప్పటి శానిటోరియంలలో చికిత్స అంటే నెలల తరబడి పూర్తి విశ్రాంతి, ఆరుబయట గాలి, పుష్టికరమైన ఆహారం. అవసరమైతే సూదితో ఛాతీలోకి గాలి ఎక్కించి, చెడిన ఊపిరితిత్తిని ముడుచుకుపోయేలా చేసేవారు. కదలిక లేని ఊపిరితిత్తిలో పుండు మానుతుందన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. గాలి మెల్లగా ఇంకిపోతుంది గనుక మళ్లీ మళ్లీ ఎక్కించవలసి వచ్చేది. మరీ ముదిరితే పక్కటెముకలు తొలగించే శస్త్రచికిత్స చేసేవారు.

ఈ పద్ధతులన్నింటికీ ఒక షరతు ఉంది. రోగి తొందరగా రావాలి. ఊపిరితిత్తిలో ఒక మూల చిన్న మచ్చగా ఉన్నప్పుడు వస్తే కోలుకునే ఆశ ఉండేది. రెండు వైపులా గుంతలు పడిన తరువాత వస్తే, కొండగాలి గానీ పాలు గుడ్లు గానీ చేయగలిగేది చాలా స్వల్పం. కానీ తొందరగా వచ్చేవారు అరుదు. సాయంత్రం జ్వరాన్ని వాతం అనుకునేవారు. దగ్గును పడిశం అనుకునేవారు. అనుమానం కలిగినా బయటికి చెప్పేవారు కారు. ఇంట్లో క్షయ ఉందని తెలిస్తే ఆడపిల్లకు సంబంధాలు రావన్న భయం ఈ సీమలో నిన్నమొన్నటి దాకా ఉన్నదే. కళ్లెలో రక్తం పడిన తరువాత గాని బండి కట్టేవారు కారు. శానిటోరియం ఎంత గొప్పదైనా దాని ఫలితం గేటు బయటే, రోగి ఇంటి అరుగు మీదే, చాలావరకు నిర్ణయమైపోయేది.

అందుకే శానిటోరియం వైద్యుడికి చికిత్స కంటే గుర్తింపే పెద్ద పరీక్షగా ఉండేది. ఆనాడు అందుబాటులో ఉన్న సాధనాలు నాలుగు. స్టెతస్కోపు అనుభవజ్ఞుడి చెవికి కొంత చెప్పేది. సూక్ష్మదర్శిని కింద కళ్లె పరీక్షలో క్రిమి కనిపిస్తే ఇక సందేహం ఉండేది కాదు. అయితే ఒక మిల్లీలీటరు కళ్లెలో వేల సంఖ్యలో క్రిములు ఉంటే తప్ప కంటికి కనిపించవు గనుక తొలి దశ రోగులు ఎందరో ఆ పరీక్ష నుంచి తప్పించుకునేవారు. చర్మంపై చేసే ట్యూబర్‌క్యులిన్ పరీక్ష క్రిమి ఒంట్లో ప్రవేశించిందని చెబుతుందే గాని, జబ్బు ఉన్నదీ లేనిదీ చెప్పదు. మన దేశంలో క్రిమి సోకిన పెద్దలు కోట్లలో ఉన్నారు, వారిలో అత్యధికులకు ఎన్నటికీ జబ్బు రాదు. ఇక మిగిలింది ఎక్స్‌రే. కళ్లెలో క్రిమి కనపడక ముందే ఊపిరితిత్తిలోని మచ్చను అది చూపగలదు. ఆ మచ్చ క్షయ వల్లనే ఏర్పడిందా అన్నది మాత్రం ఫిల్మ్ చెప్పలేదు. ఫ్రిమోడ్ట్ మోలర్ పేరు వైద్య గ్రంథాలకు ఎక్కింది సరిగ్గా ఈ ప్రశ్న వద్దనే కావడం విశేషం.

క్షయ కాని క్షయ

శానిటోరియానికి వచ్చే రోగుల్లో కొందరి తీరు వింతగా ఉండేది. దగ్గు, అదీ రాత్రి వేళ ఎక్కువ. ఉబ్బసంలా పిల్లికూతలు. కొద్దిపాటి జ్వరం, బరువు తగ్గడం. ఎక్స్‌రే తీస్తే రెండు ఊపిరితిత్తుల నిండా ఆవగింజలు చల్లినట్లు సన్నని మచ్చలు. క్షయలో అత్యంత ప్రమాదకరమైన మిలియరీ రకంలో కనిపించే చిత్రమే అది. ఆ కాలంలో మిలియరీ క్షయ అంటే మరణశాసనమే. అయినా వీరి కళ్లెలో క్రిమి దొరికేది కాదు. వ్యాధి లక్షణం ప్రకారం కొద్ది వారాల్లో క్షీణించవలసిన వారు అలా క్షీణించేవారూ కారు.

ఆధారం రక్త పరీక్షలో దొరికింది. తెల్లరక్తకణాల్లో ఇసినోఫిల్స్ అనే ఒక రకం ఉంటుంది. ఆరోగ్యవంతుడి రక్తంలో మైక్రోలీటరుకు ఐదు వందలకు లోపే ఉండే ఆ కణాలు ఈ జబ్బులో మూడు వేలకు పైబడతాయి. డాక్టర్ బార్టన్‌తో కలిసి ఫ్రిమోడ్ట్ మోలర్ ఈ రోగుల వివరాలను క్రోడీకరించి, ఇది క్షయను పోలిన వేరొక స్థితి అని 1940లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ప్రకటించారు.

దీని ప్రాముఖ్యం అంకెల్లో చెప్పగలిగేది కాదు. క్షయ అన్న ముద్ర పడిన మనిషి ఉద్యోగం, పెళ్లి, కాపురం అన్నీ ఆ ఒక్క మాటతో తలకిందులయ్యే రోజులవి. జబ్బు లేని వ్యక్తిని క్షయ వార్డులో పడుకోబెడితే, లేని జబ్బు అక్కడే అంటుకునే ప్రమాదం కూడా ఉంది. క్షయను తొందరగా పట్టుకోవాలని జీవితమంతా శ్రమించిన వైద్యుడే, క్షయ కానిదాన్ని క్షయ అనరాదని హెచ్చరించిన తొలి వారిలో ఉండటం గమనార్హం. తొందర ఒక్కటే చాలదని, ఆ తొందరలో పొరపాటు దొర్లితే దాని మూల్యం రోగి చెల్లిస్తాడని శానిటోరియంలో గడిపిన వైద్యుడికి తెలియనిది కాదు.

ఆ వ్యాధి కథ తరువాత కూడా ఈ ప్రాంతాన్ని వదిలిపోలేదు. 1943లో వైన్‌గార్టెన్ అనే వైద్యుడు 81 మంది రోగులను పరిశీలించి లాన్సెట్ పత్రికలో దీనికి ట్రాపికల్ ఇసినోఫిలియా అని నామకరణం చేశారు. ఆర్సెనిక్ ఇంజెక్షన్లతో గుణం కనిపించిందని కూడా ఆయన తెలిపారు. అసలు కారణం దొరికింది 1960లో, చిత్తూరుకు పొరుగునే ఉన్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో. వెబ్, జాబ్, గాల్ట్ అనే ముగ్గురు వైద్యులు ఈ రోగుల ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, గ్రంథుల్లో ఫైలేరియా సూక్ష్మ పురుగులను చూడగలిగారు. బోదకాలుకు కారణమైన పురుగు జాతే ఇది. సాధారణంగా బోదకాలు రోగుల్లో రాత్రివేళ రక్తం తీస్తే పురుగు పిల్లలు కనిపిస్తాయి. వీరిలో మాత్రం శరీరం అతిగా స్పందించి వాటిని రక్తంలో తిరగనివ్వకుండా పట్టివేస్తుంది. ఆ పోరాటమే ఊపిరితిత్తుల్లో మచ్చలుగా, దగ్గుగా బయటపడుతుంది. అందుకే ఎన్ని రాత్రులు రక్తం తీసినా కారణం దొరకకుండా పోయింది.

దీనికి నేడు ఇచ్చే డైఇథైల్ కార్బమజైన్ మందు 1947లో అమెరికాలోని లెడర్లీ సంస్థలో వెలువడింది. అప్పుడు ఆ సంస్థ పరిశోధన విభాగానికి సారథి భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. మదనపల్లెలో గుర్తించిన రోగానికి తెలుగువాని నేతృత్వంలోని ప్రయోగశాల నుంచే మందు రావడం కాకతాళీయమే అయినా, చెప్పుకోదగినది. మూడు వారాల మాత్రలతో చాలామంది కోలుకుంటారు.

మంచం నుంచి ఇంటికి

1939లో భారత క్షయ నివారణ సంఘం ఢిల్లీలో ఏర్పడినప్పుడు దాని మెడికల్ కమిషనర్ పదవికి ఫ్రిమోడ్ట్ మోలర్‌ను ఎంపిక చేశారు. రెండు దశాబ్దాలకు పైగా ఒక శానిటోరియాన్ని నడిపిన వ్యక్తి దేశమంతటా మరిన్ని శానిటోరియంలు కట్టించాలని కోరతారని ఎవరైనా ఊహిస్తారు. ఆయన ఆలోచన అందుకు భిన్నంగా సాగింది. లక్షల రోగులున్న దేశంలో మంచాలు కొద్ది వేలకు మించి లేవు. అందరికీ మంచం ఎప్పటికీ దొరకదు. కనుక పట్టణంలో ఒక క్లినిక్ ఉండాలి, అక్కడ ఎక్స్‌రే, కళ్లె పరీక్ష చేయాలి, రోగిని ఇంట్లోనే ఉంచి ఆరోగ్య సందర్శకులు వెళ్లి చూసుకోవాలి, ఇంట్లోని మిగతావారిని కూడా పరీక్షించాలి. వ్యవస్థీకృత గృహ చికిత్స పేరిట 1940లో న్యూఢిల్లీ క్షయ క్లినిక్‌లో ఈ పద్ధతి మొదలైంది. మందు లేకుండా గృహ చికిత్స ఏమిటని నేడు అనిపించవచ్చు. కాని ఇంటివారిని పరీక్షించడమనే ఒక్క అంశంతోనే, రోగి వచ్చేదాకా ఎదురుచూసే పాత అలవాటు సగం తొలగిపోయింది.

మదనపల్లెలో పనిచేసిన డాక్టర్ పి.వి. బెంజమిన్ స్వాతంత్ర్యానంతరం భారత ప్రభుత్వ క్షయ సలహాదారు అయ్యారు. 1948లో దేశంలో బీసీజీ టీకా ప్రయోగాత్మకంగా మొదలైన కేంద్రాల్లో మదనపల్లె ఒకటి.

తండ్రి బాటలో తనయుడు

ఆయన కుమారుడు డాక్టర్ యొహన్నెస్ ఫ్రిమోడ్ట్ మోలర్ కూడా ఆరోగ్యవరంలోనే వైద్యుడిగా స్థిరపడ్డారు. తండ్రి కాలంలో రోగులు శానిటోరియానికి వచ్చేవారు. కుమారుడి కాలంలో శానిటోరియమే ఎక్స్‌రే యంత్రంతో ఊళ్లకు కదిలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో 1950 నుంచి 1955 దాకా మదనపల్లె పట్టణంలో, చుట్టుపక్కల గ్రామాల్లో ఇంటింటి జనాభాను లెక్కించి, ట్యూబర్‌క్యులిన్ పరీక్ష, ఎక్స్‌రే, మచ్చ ఉన్నవారికి కళ్లె పరీక్ష చేశారు. ఫలితాలు 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వందకు పైగా పేజీల్లో అచ్చయ్యాయి. దగ్గుతో ఆసుపత్రికి వచ్చినవారిని గాక, ఊరంతటినీ చూసి క్షయ లెక్క తీసిన అరుదైన అధ్యయనాల్లో అది ఒకటి.

బీసీజీ టీకాపై ఇక్కడే సాగిన దీర్ఘకాల పరిశీలన మరీ ఆశాజనకంగా ఏమీ లేదు. 1973లో వెలువడిన లెక్కల ప్రకారం టీకా పొందిన 5,069 మందిలో 33 మందికి, పొందని 5,808 మందిలో 47 మందికి క్షయ వచ్చింది. తేడా ఐదో వంతు మాత్రమే. అనుకూలంగా లేని ఫలితాన్ని దాచకుండా ప్రకటించడం మదనపల్లె పరిశోధనకు గౌరవం తెచ్చిందనే చెప్పాలి.

మంచాలకు సంబంధించి పెద్దాయన ఊహ నిజమైంది కూడా ఈ దశాబ్దాల్లోనే. 1956లో మద్రాసులో మొదలైన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం, ఐసోనియాజిడ్, పాస్ మందులను ఏడాది పాటు ఇంట్లో ఉండి వాడినవారూ శానిటోరియంలో ఉండి వాడినవారూ దాదాపు సమానంగానే కోలుకుంటున్నారని 1959లో తేల్చింది. ఇంట్లో ఉన్న రోగి వల్ల కుటుంబ సభ్యులకు అదనపు ముప్పు కలగడం లేదనీ నిరూపించింది. దాంతో దేశమంతటా శానిటోరియంల అవసరం క్రమంగా తగ్గింది. ఆరోగ్యవరం కూడా అందుకు మినహాయింపు కాలేదు. ఆరోగ్యవరం మెడికల్ సెంటర్‌గా పేరు మార్చుకుని అన్ని రకాల వైద్యం అందించే ఆసుపత్రిగా కొనసాగుతూ వచ్చింది. 2022లో మదనపల్లె చిత్తూరు జిల్లా నుంచి విడిపోయి అన్నమయ్య జిల్లాలో చేరింది. ట్రాపికల్ ఇసినోఫిలియా చరిత్ర రాసే వైద్య గ్రంథాల్లో మాత్రం ఫ్రిమోడ్ట్ మోలర్, బార్టన్ పేర్లు, 1940 సంవత్సరం మొదటి వరుసల్లోనే ఉంటాయి.