ఇంపెడెన్స్‌కు పేరు పెట్టిన పింఛనుదారు

మన మానవపాడు చుట్టుపట్ల పెళ్ళి అయినా, దేవుని ఉత్సవం అయినా మైకుసెట్టు లేనిదే జరగదు. స్పీకరు వెనుక 8 ఓమ్స్ అని వేసి ఉండడం చాలామంది చూసే ఉంటారు. అది తీగకుండే మామూలు నిరోధం కాదు. ఏ.సి. కరెంటుకు ఎదురయ్యే మొత్తం అడ్డు. దానినే ఇంపెడెన్స్ అంటారు. 1886లో ఆ మాటను పుట్టించినవారు ఆలివర్ హెవిసైడ్. 24వ ఏట ఉద్యోగం వదిలి, తరువాత పింఛను మీద బతికిన మనిషి గనుక ఆయన చరిత్ర మన ప్రత్యేక సంచికకు తగినదే.

హెవిసైడ్ 1850 మే 18న లండనులో ఒక పేద కుటుంబంలో జన్మించారు. చిన్నతనంలో వచ్చిన స్కార్లెట్ జ్వరంతో వినికిడి దెబ్బతిన్నది. 16 ఏళ్ళకే బడి చదువు ముగిసింది. 1868లో టెలిగ్రాఫు ఆపరేటరుగా చేరి, 1874లో మానేసి తల్లిదండ్రుల ఇంటికి వచ్చేశారు. మళ్ళీ ఎక్కడా కొలువు చేయలేదు. గదిలో కూర్చుని మాక్స్‌వెల్ విద్యుదయస్కాంత గ్రంథాన్ని సొంతంగా చదివి, అందులోని సమీకరణాల బారును నాలుగింటికి కుదించారు. నేటి ఇంజనీరింగు విద్యార్థులు చదివేది ఆ నాలుగే.

ఆయన పేరు పెట్టినదాన్ని ఇప్పుడు ఇంట్లోనే కొలవవచ్చు. 8 ఓమ్స్ స్పీకరుకు మల్టీమీటరు పెడితే 6 లేక 7 చూపుతుంది, మీటరు పంపేది డి.సి. గనుక. అందుకని 741 వంటి ఐ.సి.తో 1000 హెర్ట్జ్ ఆసిలేటరు చేసి, 1 వోల్టును 1000 ఓమ్స్ రెసిస్టరు గుండా స్పీకరుకు పంపాలి. దాదాపు 1 మిల్లీ ఆంపియరు పారి, స్పీకరు కొసల మధ్య 8 మిల్లీ వోల్టులు వస్తాయి. ఇంకొక 741తో దాన్ని 100 రెట్లు పెంచితే డిజిటల్ మీటరులో 0.8 వోల్టు కనబడుతుంది, అంటే 8 ఓమ్స్ అన్నమాట. ముందుగా 10 ఓమ్స్ రెసిస్టరు పెట్టి సరిచూసుకోవడం మంచిది. ఫ్రీక్వెన్సీ మార్చితే అంకె మారుతుంది, ఒకచోట అనేక రెట్లు కూడా లేస్తుంది. ఇదేమీ వట్టి పాండిత్యం కాదు. నాలుగు 8 ఓమ్స్ స్పీకర్లను పక్కపక్కన కలిపితే 2 ఓమ్స్ అవుతుంది. అంత భారానికి తయారు చేయని ఆంప్లిఫయరు కాలిపోతుంది.

ఇక హెవిసైడ్ కష్టాలు. దూరపు టెలిఫోను తీగలో మాట అలుక్కుపోయేది. తీగలో ఇండక్టెన్స్ పెంచితే మాట చెడకుండా పోతుందని 1887లో ఆయన లెక్కకట్టి చూపారు. బ్రిటిష్ తపాలా శాఖ ముఖ్య విద్యుత్ అధికారుల్లో ఒకరైన విలియం ప్రీస్ అభిప్రాయం సరిగ్గా దీనికి విరుద్ధం. హెవిసైడ్ వ్యాసాన్ని బయటికి రాకుండా ఆయన ఆపించారు. పై అధికారి కాగితాన్ని తొక్కిపెట్టడం మనకు కొత్త సంగతి కాదు గదా! చివరికి అదే పద్ధతికి అమెరికాలో మైకేల్ పుపిన్ 1900లో పేటెంటు పొంది, టెలిఫోను కంపెనీ నుండి పెద్ద మొత్తం గడించారు. హెవిసైడ్‌కు దక్కింది శూన్యం.

1891లో రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చింది, కాని పూట గడవడం కష్టమే. 1894లో మిత్రులు ఆ సొసైటీ సహాయనిధి నుండి డబ్బు ఇప్పించబోగా, అది దానమని నిరాకరించారు. 1896లో ప్రభుత్వం ఏటా 120 పౌనుల పింఛను మంజూరు చేసింది. చేసిన పనికి గౌరవమే గాని భిక్ష కాదని మిత్రులు నచ్చజెప్పాక పుచ్చుకున్నారు. పింఛను దయాధర్మం కాదని మన సుప్రీంకోర్టు నకారా కేసులో 1982 డిసెంబరు 17న తీర్పు చెప్పడానికి 86 ఏళ్ళ ముందే ఒక పేద శాస్త్రవేత్తకు ఆ పట్టింపు ఉండడం నాకు గొప్పగా తోస్తుంది. 1914లో ఆ మొత్తం 220 పౌనులైంది.

చివరి ఏళ్ళు టార్కీ పట్టణంలో ఒంటరిగా గడిచాయి. రేడియో తరంగాలను తిప్పి పంపే పొర ఆకాశంలో ఉండవచ్చునని ఆయన 1902లో రాసినది 1924లో ప్రయోగంతో రుజువైంది. 1922లో మొదటి ఫారడే పతకాన్ని ఆయన ఇంటికే తెచ్చి ఇచ్చారు. 1925 ఫిబ్రవరి 3న కన్నుమూశారు. నేడు మనం వాడే కాయిల్ స్పీకరు గురించి రైస్, కెల్లాగ్ అనే అమెరికను ఇంజనీర్లు పత్రం ప్రకటించినదీ ఆ ఏడే.