డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

బడి పిల్లలకు, గర్భిణీ స్త్రీలకు రక్తం పట్టడానికి ఇచ్చే మాత్రలను మీరు చూచే ఉంటారు. వాటిలో ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. ఆ ఆమ్లాన్ని తయారుచేసే విధానాన్ని కనుగొన్న పరిశోధక బృందానికి నాయకుడు మన చెన్నైలో చదువుకొన్న తెలుగువాడు. ఆయనే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథం. చిన్నతనంలో ఆయనకు చదువుమీద ధ్యాస ఉండేది కాదు. కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి ధనం గడించాలని పదమూడో ఏట ఇల్లు విడిచారు. పెద్దలు వెదకి వెనక్కు తెచ్చారు. మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుసార్లు తప్పారు. మద్రాసు తిరువల్లిక్కేణిలోని హిందూ ఉన్నత పాఠశాలలో చదివి, మూడోసారి నెగ్గారు. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగిశాక సన్యసించాలనుకొన్నారు. తల్లి అంగీకరించలేదు. రోగులకు సేవ చేయడమూ పుణ్యకార్యమే అని తలచి మద్రాసు వైద్య కళాశాలలో చేరారు.

అవి స్వాతంత్ర్యోద్యమం సాగుతున్న రోజులు. గాంధీజీ పిలుపు విన్న సుబ్బారావు శస్త్రచికిత్స గదిలోకి ఖద్దరు అంగీ తొడుక్కొని వెళ్లారు. ఆంగ్లేయుడైన ఆచార్యునికి అది నచ్చలేదు. చదువులో ముందున్నా ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే ఇచ్చారు. ప్రభుత్వ వైద్యశాఖలో కొలువూ దొరకలేదు.

అంతకన్న పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. తిన్నది వంటబట్టక, రక్తం క్షీణించి మనిషి శల్యమయ్యే స్ప్రూ అనే జబ్బు ఆయన అన్నను, తమ్ముణ్ణి కొద్ది రోజుల తేడాతో బలిగొన్నది. అదే జబ్బు ఆయననూ పట్టింది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బతికి బయటపడ్డారు. ఆ తరువాత మద్రాసులో లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణశాస్త్రం బోధించారు. ఇలాంటి జబ్బులకు మందు కనుగొనాలన్న పట్టుదల ఆయనలో పెరిగింది.

మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగం ధర్మసంస్థ ఇచ్చిన సాయంతో ఆయన అమెరికాలోని బోస్టన్ చేరారు. హార్వర్డు విశ్వవిద్యాలయంలో చదువుతూ, పొట్ట గడవడానికి రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగారు. సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి, రక్తంలోని భాస్వరాన్ని కొలిచే విధానాన్ని 1925లో ప్రకటించారు. కండరాలు కదలడానికి కావలసిన శక్తిని సమకూర్చే పదార్థాల గుట్టును కూడా వారిద్దరూ వెలికితీశారు. అయినా హార్వర్డులో ఆయనకు స్థిరమైన పదవి లభించలేదు.

1940లో సుబ్బారావు లెడర్లీ పరిశోధనాలయంలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులలో కలిగే రక్తహీనతకు అదే మందయింది. అన్నదమ్ములను పోగొట్టుకొన్న ఇరవై ఏళ్ల పైచిలుకు తరువాత ఆయన కోరిక ఈ విధంగా తీరింది. బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్, రక్త క్యాన్సరు సోకిన పసివారికి ఇచ్చిన అమినోప్టెరిన్, అనేక సూక్ష్మజీవులను అణచే ఆరియోమైసిన్ కూడా ఆయన నాయకత్వంలోనే వెలువడ్డాయి. అమినోప్టెరిన్‌కు దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేట్‌ను నేటికీ వైద్యులు వాడుతున్నారు.

వాటి ఘనతను సుబ్బారావు తన పేర చాటుకోలేదు. తోటివారిని ముందు నిలిపి తాను వెనుక ఉన్నారు. స్వదేశానికి తిరిగి రాకుండానే 1948 ఆగస్టులో, 53వ ఏట న్యూయార్క్ ప్రాంతంలో కన్నుమూశారు. భారత ప్రభుత్వం 1995లో ఆయన శతజయంతి సందర్భంగా తపాలా బిళ్ల విడుదల చేసింది.

పరీక్ష తప్పిన బాలుడు, పట్టా దక్కని వైద్యుడు, పదవి దొరకని శాస్త్రవేత్త సుబ్బారావు. అయినా ఆయన పని మానలేదు. అందువల్లనే తాము పేరైనా వినని మనిషి శ్రమతో నేడు ఎందరో ప్రాణాలు నిలుపుకొంటున్నారు.