వెన్నుపాము నరం ఎందుకు అతకదు? వందేళ్ల కిందటే వెతికిన కహాల్

బండి మీద నుంచి పడి మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్న కుర్రాణ్ని తీసుకొచ్చినప్పుడు, సికింద్రాబాద్‌లో నేను పనిచేసే ప్రభుత్వ ఆసుపత్రిలో ఇంటివాళ్లు దాదాపు ఒకే ప్రశ్న అడుగుతారు. చేతి నరం తెగితే కుడతారు కదా, కొన్ని నెలలకు వేళ్లు ఆడతాయి కదా, మరి వెన్నులో నరాన్ని ఎందుకు కుట్టరని. మీ ఇంట్లో ఇలాంటి కష్టం వస్తే మీరూ అదే అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. దానికి సగం జవాబు వందేళ్ల కిందటే స్పెయిన్‌లో ఒక డాక్టరు రాసిపెట్టారు. ఆయన పేరు సాంటియాగో రామోన్ ఇ కహాల్.

1852 మే 1న స్పెయిన్‌లోని పెటీయా అనే కొండ పల్లెలో పుట్టారు. తండ్రి పల్లెల్లో వైద్యం చేసేవారు. కొడుకు డాక్టరు కావాలని ఆయన పట్టు, బొమ్మలు గీసుకోవాలని కొడుకు పట్టు. చదువు ఎక్కడం లేదని కొన్నాళ్లు మంగలి దగ్గర, మరికొన్నాళ్లు చెప్పులు కుట్టేవాడి దగ్గర పనికి పెట్టారు. పదకొండేళ్ల వయసులో సొంతంగా ఫిరంగి తయారుచేసి పొరుగువాళ్ల గేటు పేల్చేసి జైల్లో కూర్చున్నాడీ పిల్లాడు. చివరికి తండ్రే ఒక ఉపాయం పన్నారు. కొడుకును శ్మశానానికి తీసుకెళ్లి, పాత ఎముకలు ఏరించి, వాటి బొమ్మలు గీయించారు. అలా అనాటమీ వంటబట్టింది. మన ఇళ్లలో పిల్లల డ్రాయింగ్ పుస్తకాలు అటకెక్కించే తల్లిదండ్రులకు ఈ కథ ఒకసారి చెప్పాలనిపిస్తుంది నాకు.

1873లో జరగోసాలో వైద్య పట్టా పుచ్చుకుని, సైన్యంలో చేరి క్యూబా వెళ్లారు. అక్కడి చిత్తడి నేలల్లో మలేరియా పట్టుకుని చావు అంచుదాకా తీసుకెళ్లింది. దోమ వల్ల వస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ సంగతి 1897 ఆగస్టు 20న మన బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపు కోసి చూసినప్పుడు గానీ తేలలేదు. చిక్కి శల్యమై 1875లో ఇంటికి చేరిన కహాల్, సైన్యంలో దాచుకున్న జీతంతో ఒక మైక్రోస్కోపు కొనుక్కున్నారు. పెళ్లయింది, ఏడుగురు పిల్లలు. వలెన్సియాలో ప్రొఫెసరుగా ఉండగా 1885లో కలరా వస్తే దాని మీద పనిచేశారు. అందుకు కృతజ్ఞతగా జరగోసా ప్రాంత పాలకులు మంచి జైస్ మైక్రోస్కోపు బహూకరించారు.

అసలు మలుపు 1887లో. మాడ్రిడ్‌లో ఒక తోటి వైద్యుడి దగ్గర, ఇటలీ శాస్త్రవేత్త కమిల్లో గాల్జీ కనిపెట్టిన వెండి రంగు వేసిన మెదడు ముక్కను చూశారు. గాల్జీ అంటే మీ పిల్లల పాఠంలో వచ్చే గాల్జీ సంక్లిష్టం గాల్జీయే. ఆ రంగు విచిత్రమైనది. వేల కణాల్లో ఏ కొన్నింటికో పడుతుంది గానీ, పడిన కణానికి తల నుంచి తోక దాకా నల్లగా పడుతుంది. చిట్టడవిలో ఒక్క చెట్టును మాత్రమే సిరాతో ముంచి తీసినట్టు. మరుసటి ఏడాది బార్సిలోనాలో పక్షి మెదడు ముక్కల్ని చూస్తూ కహాల్ తేల్చుకున్నారు, మెదడు అంతా ఒకే అల్లిక వల కాదని. ప్రతి నాడీకణం విడిది. ఒకటి ఇంకొకదాన్ని తాకేంత దగ్గరికి వస్తుంది గానీ అందులో కలిసిపోదు. గాల్జీ మాత్రం వల అనే నమ్మారు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇస్తే, ఆ వేదిక మీదే గాల్జీ తన ప్రసంగంలో కహాల్ సిద్ధాంతాన్ని కాదన్నారు.

ఇక మన ప్రశ్నకు వద్దాం. నాడీకణం విడిది అయితే, దాని తోక తెగినప్పుడు ఆ కణమే మళ్లీ పెంచుకోవాలి. పెంచుకుంటుందా? కహాల్ ఏళ్ల తరబడి జంతువుల్లో నరాలు, వెన్నుపాము కోసి చూశారు. చేతిలో, కాలిలో తెగిన నరం మొదలు నుంచి కొత్త కొస పుట్టి, పందిరి దొరికిన బీరతీగలా పాకుతుంది. రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. వెన్నుపాములోనూ కొస పుడుతుంది. చాలామందికి తెలియని విషయం ఇదే. పుట్టి, కాస్త పాకి, కొన్నాళ్లకు ఆగి ఎండిపోతుంది. అంటే కణానికి చేతకాక కాదు. 1911లో ఆయన శిష్యుడు ఫ్రాన్సిస్కో టెల్లో కుందేలు మెదడులో దాని కాలి నరం ముక్క పెడితే, మెదడు పోగులు ఆ ముక్కలోకి పాకాయి. లోపం పాకే తీగలో లేదు, పందిరిలో ఉందన్నమాట. 1913, 1914ల్లో అచ్చయిన రెండు సంపుటాల పుస్తకంలో కహాల్ ఇదంతా పెట్టారు. పెద్దవాళ్ల మెదడులో, వెన్నుపాములో దారులు పోతే తిరిగి రావని బాధగానే ఒప్పుకొని, దాన్ని మార్చే పని రాబోయేవాళ్లకు వదిలారు. 1934 అక్టోబరు 17న మాడ్రిడ్‌లో కన్నుమూశారు.

మిగతా సగం జవాబుకు మరో యాభై ఏళ్లు పట్టింది. మెదడులో ఏదో పోషణ కరువైందని కహాల్ అనుకున్నారు. కరువు ఒక్కటే కాదు, అడ్డుకునేవి కూడా ఉన్నాయని 1988లో జ్యూరిక్‌లో మార్టిన్ ష్వాబ్ బృందం చూపించింది. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగులా నరం పోగు చుట్టూ మైలిన్ పొర ఉంటుంది. మెదడు, వెన్నుపాముల్లోని మైలిన్‌లో కొన్ని ప్రొటీన్లు ముందుకు పాకే కొసను తాకి ముడుచుకునేలా చేస్తాయి. 2000లో వాటిలో ఒకదాని జన్యువు దొరికితే నోగో అని పేరు పెట్టారు, పోవద్దు అన్నట్టు. గాయం దగ్గర కట్టే మచ్చ కూడా మరో గోడ. ఒళ్లు తన మీద తానే ఇలా ఎందుకు కాపలా పెట్టుకుంటుందంటే, ఒకసారి కుదిరిన దారులు చెదరకుండా అని మా వాళ్ల ఊహ.

నోగోను అడ్డుకునే యాంటీబాడీతో ఎలుకల్లో మంచి ఫలితాలు వచ్చాయి. యూరప్‌లో మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నవారిలో కొత్తగా గాయమైన రోజుల్లోనే ఇచ్చి చూశారు. 2024 చివర్లో ఫలితాలు వచ్చాయి. మొత్తం మీద చేతుల బలంలో ఉత్తుత్తి మందుకూ దీనికీ తేడా తేలలేదు. వెన్నుపాము పూర్తిగా దెబ్బతినని కొందరిలో కొంత మేలు కనబడింది గానీ దాన్ని ఇంకా పరీక్షించాలి.

ఇవన్నీ మీకెందుకు చెబుతున్నానంటే, మా వార్డులోంచి వెళ్లిన కుటుంబాలు పొలం అమ్మి స్టెమ్ సెల్ ఇంజెక్షన్లకు లక్షలు పోయడం చూశాను. తెగిన వెన్నుపామును తిరిగి అతికిస్తుందని రుజువైన ఇంజెక్షన్ ఈ రోజుకీ లేదు. అది ట్రయల్ అని ఎవరైనా అంటే, రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. మన దేశ నిబంధనల ప్రకారం ట్రయల్‌లో పాల్గొనే రోగి దగ్గర దాని ఖర్చు వసూలు చేయకూడదు. ఆ డబ్బు గాలి పరుపుకీ, ఫిజియోథెరపీకీ, మూత్రం గొట్టం శుభ్రతకీ పెట్టండి. వెన్నుపాము రోగుల ప్రాణం మీదికి తెచ్చేది చాలాసార్లు పడక పుండ్లూ, మూత్రంలో ఇన్ఫెక్షన్లే. కొన్ని పోగులైనా మిగిలిన చోట, పక్షవాతంలో లాగే, అవి కొత్త కొమ్మలు వేసి పని అందుకుంటాయి. వ్యాయామం చేయిస్తేనే.

రోడ్డు మీద పడ్డవాణ్ని చూస్తే చంకలు పట్టి లేపి ఆటోలో మడిచి కూర్చోబెట్టకండి. మెడ కదలకుండా చూసుకుంటూ 108కి ఫోన్ చేయండి. అప్పటికి తెగకుండా మిగిలిన పోగులు ఆ కుదుపులో తెగిపోవచ్చు.