చట్టమును తెలుగు చేసిన పంతులుగారు

రాజనీతి తత్త్వమునకు ప్రవేశికలుగా వెలువడు గ్రంథములు సాధారణముగా హాబ్సు, లాకు, రూసోలతో మొదలవుతవి. ప్రభువునకు అధికారమెక్కడిది, పౌరుని హక్కు ఎచట ఆరంభమగును అను ప్రశ్నలు వానికి ముఖ్యము. తెలంగాణములో ఇవే ప్రశ్నలను సామాన్యుని ముంగిట నిలిపిన చిన్న పుస్తకములలో ఆ పేర్లు వెదకి ప్రయోజనము లేదు. సుల్తానాబాదువంటి తాలూకా కసబాలో దుకాణదారుడు దౌరా వచ్చిన అధికారికి ఊరక బియ్యము, నెయ్యి కొలిచి ఇవ్వవలెనా? చాకలి కూలి లేక మూట మోయవలెనా? వాటి విషయమింతే. వాటిని వెలువరించిన సంస్థకు ప్రాణము మాడపాటి హనుమంతరావు పంతులుగారు.

పంతులుగారు 1885 జనవరి 22న కృష్ణా జిల్లా నందిగామ తాలూకా పొక్కునూరులో జన్మించారు. నైజాము రాష్ట్రములో మేనమామల ప్రాపున పెరిగి, హనుమకొండలో చదివి, అచటనే చిన్న ఉద్యోగములో చేరారు. ఉర్దూ, పారసీలు వారికి కరతలామలకములు. ప్రేమచందు కథలను తొలుత తెనిగించినవారిలో వారొకరు. తరువాత హైదరాబాదు చేరి ప్రభుత్వ శాసనశాఖలో అనువాదకులైనారు. పిమ్మట వకీలు వృత్తి చేపట్టారు. ఆ అనువాదకుని కొలువే వారి భావిజీవితమునకు బీజమని నా తలంపు. ఏ చట్టములో ఏమున్నదో, ఉన్నది ఎందరికి తెలియదో ఆ బల్లయొద్ద కూర్చున్నవారికి తెలిసినట్లు మరెవరికి తెలియును?

1921 నవంబరు 12న హైదరాబాదులో కర్వే పండితుని అధ్యక్షతన జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటాడబోగా సభికులు గేలిచేసి సాగనీయలేదు. ఆ రాత్రియే కొందరు తెలుగువారు కూడి ఆంధ్ర జనసంఘమును స్థాపించారు. దాని భారము పంతులుగారి భుజముపై పడినది.

వెట్టిచాకిరి, వర్తక స్వాతంత్ర్యము మొదలగు విషయములపై జనసంఘము చిన్న పుస్తకములు ప్రకటించినది. వాటిలోని నేర్పు గమనింపదగినది. అవి కొత్త హక్కును కోరలేదు. వెట్టి కూడదని, సరుకునకు వెల ఈయవలెనని ప్రభుత్వము లోగడనే గస్తీలు వెలువరించి యున్నది. అవి ఉర్దూలో నుండుటచే పటేలు, పట్వారీ, గిర్దావరులు చెప్పినదే జనులకు శాసనమైనది. జనసంఘము ఆ ఉత్తరువులనే తెలుగు చేసి పంచినది. ప్రభుత్వపు మాటనే ప్రభుత్వమునకు వినిపించిన వానిని రాజద్రోహి యనుట ఎట్లు? పుస్తకము చేత పట్టుకొని అంగడివాడు తహసీలుదారుని బంట్రోతును వెల అడుగుటకు వీలు కలిగినది. అధికారికిని హద్దు కలదను భావము ఆ దారిని పల్లెకు చేరినది.

1930లో జోగిపేటలో ఆంధ్రమహాసభ ఆరంభమైనది. నాలుగవ సభ 1935లో సిరిసిల్లలో పంతులుగారి అధ్యక్షతన జరిగినది. నేడు పెద్దపల్లి జిల్లాలోనున్న సుల్తానాబాదు, ఆ సిరిసిల్ల, రెండును అప్పుడు కరీంనగరము జిల్లా తాలూకాలే. సభకు ముందుగా అనుమతి పొందవలెనను గస్తీ 53 అమలులో నున్న దినములవి. రాజకీయమను మాట ఎత్తకుండ రాజకీయము బోధింపవలసి వచ్చెడిది. ఆ విద్యలో పంతులుగారికి సాటి లేరు.

అదియే వారిపై నిందయు నైనది. విన్నపములతో దొరల గడీలు కదలవని యువకులు వాదించారు. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతన సభ జరుగునాటికి మహాసభ రెండుగా చీలినది. పంతులుగారు మితవాదుల పక్షమున నిలిచారు. యువకుల మాటలో నిజము లేకపోలేదు. గస్తీ తెనుగైనంత మాత్రమున వెట్టి ఆగలేదు. 1946 నుండి 1951 వరకు నెత్తురు కారినది. అయినను వెట్టి విధివ్రాత కాదనియు, చట్టవిరుద్ధమనియు పల్లెకు ముందుగా అక్షరములలో చెప్పినవి ఆ పుస్తకములే. ఈ మాట మన చరిత్రకారులలో కొందరు అంత సులభముగా ఒప్పుకొనరు.

నారాయణగూడలో తెలుగు బాలికల పాఠశాలకు వారు పడిన శ్రమ వేరొక వ్యాసమునకు తగినది. తాము నడపిన ఉద్యమపు కథను ‘తెలంగాణ ఆంధ్రోద్యమము’ అను పేర గ్రంథస్థము చేశారు. 1951లో హైదరాబాదు నగరమునకు మేయరైనారు. 1955లో పద్మభూషణ బిరుదము లభించినది. 1970 నవంబరు 11న కన్నుమూశారు. జనసంఘము పుట్టి నలుబదితొమ్మిదేండ్లు నిండుటకు అప్పటికి ఒక్కదినము తక్కువ.