విప్పి చూసిన మనిషి

చలికాలం పొద్దున్నే అమీర్‌పేట, పంజాగుట్ట షెడ్ల ముందు కార్లు దగ్గుతూ, ఆగుతూ స్టార్టవుతాయి. చల్లటి ఇంజనులో పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు. దానికి తోడు మసి పట్టిన ప్లగ్గు, నీరసించిన బ్యాటరీ. కొత్త సామాను రాయకముందే ప్లగ్గు విప్పి చూసేవాడే అసలైన మెకానిక్కని నా అభిప్రాయం. అట్లా విప్పి చూసే పైకొచ్చిన తెలుగు రైతుబిడ్డ కోయంబత్తూరు జి.డి. నాయుడు గారు.

1893లో కలంగల్ గ్రామంలో పుట్టారు. ఇంట్లో తెలుగు, ఊళ్లో తమిళం. పసితనంలోనే తల్లి పోయింది. బడి చదువు ప్రాథమిక తరగతులతోనే సరి. ఓ దొరగారి మోటారు సైకిలు చూశాక మనసు నిలవలేదు. హోటల్లో సర్వరుగా పనిచేసి, డబ్బు కూడబెట్టి, ఆ బండినే కొన్నారు. కొని ఊరేగారా? లేదు, ముక్కముక్కా విప్పి మళ్లీ బిగించారు! ఆయిలింజను మీద చెయ్యేస్తే మా ఊళ్లో పెద్దలు తిట్టినట్టే, ఆయన్నీ ఎవరో తిట్టే ఉంటారు.

1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి-పళని సర్వీసు మొదలుపెట్టారు, డ్రైవరూ తానే. అది పెద్ద కంపెనీ అయ్యింది. 1937లో బాలసుందరం నాయుడుగారితో కలిసి దేశవాళీ విద్యుత్ మోటారు తయారుచేశారు.

1945లో కోయంబత్తూరులో ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది, ఆయన పూనికతోనే. నాలుగేళ్ల కోర్సు దండగ, రెండేళ్లు చాలన్నారు. సర్కారు ఒప్పుకోలేదు, ఆయన పదవి వదులుకున్నారు. రెండేళ్లు చాలంటే నేనూ ఒప్పుకోను, థియరీ అంత తేలిగ్గా ఎక్కదు. కానీ ఒక్క నట్టయినా విప్పకుండా చేతికొచ్చే డిగ్రీని ఆయన ఏమనేవారో, పక్కవాడి రికార్డు చూసి రాసే మనకు వేరే చెప్పాలా?

1974 జనవరి 4న కన్నుమూశారు.