హారీ హాప్‌మన్

హారీ హాప్‌మన్ (ఆగష్టు 12, 1906 - డిసెంబర్ 27, 1985) ఆస్ట్రేలియాకు చెందిన టెన్నిస్ క్రీడాకారుడు, శిక్షకుడు. ఇతని సారథ్యంలో ఆస్ట్రేలియా జట్టు 1939, 1967 మధ్య 16 పర్యాయాలు డేవిస్ కప్ గెలుచుకొంది. ఈ విజయాలలో ఇతడు స్వయంగా ఆడలేదు. జట్టును తీర్చిదిద్ది నడిపించాడు.

క్రీడా జీవితం

హాప్‌మన్ సిడ్నీలోని గ్లీబ్‌లో జన్మించాడు. ఆస్ట్రేలియా ఛాంపియన్‌షిప్ సింగిల్స్‌లో 1930, 1931, 1932లలో వరుసగా ఫైనల్ చేరినా ఒక్కసారీ గెలువలేకపోయాడు. డబుల్స్‌లో మాత్రం జాక్ క్రాఫోర్డ్‌తో కలిసి 1929, 1930లలో విజేతగా నిలిచాడు. తరువాత తన భార్య అయిన నెల్ హాల్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ టైటిల్‌ను నాలుగు సార్లు సాధించాడు. మెల్‌బోర్న్‌లో పత్రికా విలేఖరిగా కూడా పనిచేశాడు.

డేవిస్ కప్ సారథ్యం

1939 సెప్టెంబర్‌లో అమెరికాలో జరిగిన ఫైనల్లో ఆస్ట్రేలియా మొదటి రెండు మ్యాచ్‌లు ఓడిపోయింది. ఆ పోటీ జరుగుతుండగానే ఆస్ట్రేలియా రెండవ ప్రపంచ యుద్ధంలో ప్రవేశించింది. అయినప్పటికీ బ్రామ్‌విచ్, క్విస్ట్‌లు మిగిలిన మూడు మ్యాచ్‌లు గెలిచి కప్పును సాధించారు.

1950లో హాప్‌మన్ తిరిగి సారథి అయ్యాడు. ఆ కాలంలో ప్రొఫెషనల్ క్రీడాకారులకు డేవిస్ కప్‌లో ప్రవేశం లేదు. అందువలన మేటి ఆటగాళ్ళు ప్రొఫెషనల్స్‌గా మారిన ప్రతిసారీ జట్టును మళ్ళీ నిర్మించవలసి వచ్చేది. 1952 విజయం తరువాత సెడ్జ్‌మన్, మెక్‌గ్రెగర్ వెళ్ళిపోగా, 1953లో 19 ఏళ్ళ లూ హోడ్, కెన్ రోజ్‌వాల్‌లతో అమెరికాను ఓడించాడు. వారి తరువాత రాడ్ లేవర్, రాయ్ ఎమర్సన్, జాన్ న్యూకోంబ్ మొదలైనవారు ఇతని జట్టులో ఆడారు. పరుగు, వ్యాయామం, క్రమశిక్షణ ఇతని శిక్షణలో ముఖ్యాంశాలు. నియమాలు తప్పిన ఆటగాళ్ళకు జరిమానా విధించేవాడు.

భారత్‌తో పోటీ

1966లో భారత్ తొలిసారిగా డేవిస్ కప్ ఫైనల్ చేరి, మెల్‌బోర్న్‌లో హాప్‌మన్ జట్టుతో తలపడింది. ఆస్ట్రేలియా 4-1తో గెలిచింది. రామనాథన్ కృష్ణన్, జైదీప్ ముఖర్జీ జోడీ డబుల్స్‌లో న్యూకోంబ్, టోనీ రోచ్‌లను ఓడించి భారత్‌కు ఏకైక విజయాన్ని అందించింది.

చివరి సంవత్సరాలు

1969లో సారథ్యం వదలిన తరువాత హాప్‌మన్ అమెరికాకు వెళ్ళి శిక్షకునిగా స్థిరపడ్డాడు. న్యూయార్క్ సమీపంలోని పోర్ట్ వాషింగ్టన్ అకాడమీలో వైటాస్ గెరులైటిస్, జాన్ మెకన్రోలు ఇతని వద్ద శిక్షణ పొందారు. తరువాత ఫ్లోరిడాలో సొంత శిక్షణా కేంద్రాన్ని నడిపాడు. 1978లో అంతర్జాతీయ టెన్నిస్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం పొందాడు. 1985లో ఫ్లోరిడాలో మరణించాడు. పురుషులు, మహిళలు కలిసి దేశాల జట్లుగా ఆడే హాప్‌మన్ కప్ ఇతని పేరిట 1989లో పెర్త్‌లో ప్రారంభమైంది.