మొరిహెయి ఉయెషిబా

మొరిహెయి ఉయెషిబా (డిసెంబరు 14, 1883 - ఏప్రిల్ 26, 1969) జపాన్ దేశానికి చెందిన యుద్ధవిద్యా గురువు, ఐకిడో విద్యకు ఆద్యుడు. ప్రత్యర్థి మణికట్టును పట్టి, మెలిపెట్టి నేలకు దించే పట్లకు ఈ విద్య ప్రసిద్ధి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి మన పట్టణాలలో ఆత్మరక్షణ అనగానే కరాటేయే గుర్తుకు వస్తుంది. కరాటేలో దెబ్బకు ప్రాధాన్యం ఎక్కువ; ఐకిడోలో పట్టుకు, విసురుకు ప్రాధాన్యం ఎక్కువ.

బాల్యం, యౌవనం

ఉయెషిబా వకయామా ప్రాంతంలోని తనాబె పట్టణంలో యొరోకు అనే సంపన్న రైతుకు ఏకైక కుమారుడిగా జన్మించాడు. చిన్నతనంలో బలహీనంగా ఉండేవాడు. సైన్యంలో చేరబోగా ఎత్తు చాలలేదని తిరస్కరించారు. అప్పుడు కాళ్ళకు బరువులు కట్టుకొని చెట్టుకొమ్మలకు వేలాడి, 1903లో మళ్ళీ వెళ్ళి చేరాడని జీవితచరిత్రకారులు వ్రాశారు. రష్యా-జపాన్ యుద్ధంలో (1904-05) పనిచేశాడు. 1912లో కొన్ని కుటుంబాలను వెంటబెట్టుకొని ఉత్తరాన ఉన్న హొక్కైడో దీవికి వలసవెళ్ళి, షిరతాకి అనే చోట అడవి నరికి ఊరు కట్టాడు.

టకేడా వద్ద శిష్యరికం

1915లో హొక్కైడోలోని ఎంగరు పట్టణంలో టకేడా సొకాకు (మరణం 1943) ఈయనకు తారసపడ్డాడు. టకేడా దైతో-ర్యు అనే జుజుత్సు సంప్రదాయానికి గురువు, కఠినుడు, అనుమానస్తుడు, విద్యకు రుసుము గట్టిగా వసూలు చేసేవాడు. ఉయెషిబా ఆయనను తన ఇంటికి పిలిపించుకొని, సేవలు చేసి నేర్చుకున్నాడు. తండ్రి జబ్బుపడ్డాడని తెలిసి 1919లో హొక్కైడో విడిచేటప్పుడు ఇంటిని గురువుకే ఇచ్చివేశాడు. 1922లో టకేడా ఈయనకు బోధనాధికార పత్రం ఇచ్చాడు. ఐకిడోలోని మణికట్టు పట్లలో అధికభాగం దైతో-ర్యు నుండి వచ్చినవే. వాటిని ఉయెషిబా స్వయంగా కనిపెట్టాడని కొందరు వ్రాయడం టకేడాకు అన్యాయం చేయడమే.

మణికట్టు పట్లు

పూర్వం కత్తి దూయబోయే యోధుని చేతిని ఎదుటివాడు మణికట్టు వద్దనే పట్టి ఆపేవాడు. అందుకే ఈ విద్యలో అనేక పాఠాలు మణికట్టు పట్టుకోవడంతో మొదలవుతాయి. కోతెగాయెషిలో ప్రత్యర్థి చేతి వెనుకభాగాన బొటనవేలు ఆనించి, వేళ్ళను అతని ముంజేతి వైపు మడుస్తూ బయటికి తిప్పుతారు. నిక్యోలో మణికట్టును లోపలికి వంచి మెలిపెడతారు. నొప్పికి మోకాళ్ళు వంగిపోతాయి. సాంక్యోలో ముంజేయి మొత్తాన్ని మరపెట్టినట్లు లోపలికి తిప్పి పైకెత్తగా ప్రత్యర్థి మునివేళ్ళపై నిలుస్తాడు.

ఇక్కడ పని చేసేది చేతిబలం ఒక్కటే కాదు. పట్టు వేసేవాడు ముందుగా ప్రక్కకు జరిగి ఎదుటివాని తూకం తప్పించాలి. నిలకడగా నిలిచినవాని మణికట్టును ఎంత తిప్పినా లాభం తక్కువ. సాధనలో నొప్పి పుట్టగానే చాపను చేతితో తడతారు, వెంటనే పట్టు వదలాలి. కీలు విరవడానికి పనికివచ్చే పట్టునే, ప్రత్యర్థికి గాయం కాకుండా లొంగదీసే సాధనంగా బోధించడం ఉయెషిబా చేసిన మార్పు. అయితే నాలుగు రోజుల శిబిరంలో నేర్చిన పట్టు, వేగంగా గుద్దులు కురిపించే దుండగుని ముందు నిలవదు. ఏళ్ళ సాధన కావాలి. సందు దొరికితే తప్పించుకొని పోవడమే మేలు.

మతప్రభావం

హొక్కైడో నుండి తిరిగివస్తూ ఈయన అయాబెలో ఓమోటో అనే మతశాఖ నాయకుడు దెగుచి ఒనిసబురోను కలిశాడు. 1920లో తండ్రి మరణించాక అక్కడే స్థిరపడ్డాడు. 1924లో దెగుచితో మంగోలియాకు వెళ్ళి, పట్టుబడి, మరణశిక్షను తృటిలో తప్పించుకున్నాడు. 1925లో చెక్కకత్తితో ఎదిరించిన ఒక నౌకాదళ అధికారిని ఏ ఆయుధమూ లేకుండా, కొట్టకుండా, కేవలం తప్పుకుంటూ అలసిపోయేలా చేశాడని, ఆ తరువాత కలిగిన అనుభూతితో యుద్ధవిద్య లక్ష్యం ప్రేమయేనని గ్రహించాడని శిష్యులు చెప్పేవారు.

టోక్యో, యుద్ధకాలం

1927లో టోక్యో చేరి, 1931లో కొబుకాన్ శిక్షణశాలను స్థాపించాడు. జూడో పితామహుడు కానో జిగొరో 1930లో ఈయన విద్యను చూసి మెచ్చి తన శిష్యులను నేర్చుకొనుటకు పంపాడు. కొబుకాన్‌లో స్త్రీలూ ఉండేవారు. 1933లో వెలువడిన బుదో రెన్షు అనే పుస్తకానికి బొమ్మలు గీసినది కునిగోషి టకాకో అనే శిష్యురాలు.

ప్రేమను బోధించిన ఈ గురువే నౌకాదళ, సైనిక విద్యాలయాలలోనూ, గూఢచారులను తయారుచేసే నకానో పాఠశాలలోనూ బోధించాడు. ఈ వైరుధ్యాన్ని కొన్ని జీవితచరిత్రలు తేలికగా దాటవేస్తాయి, దాటవేయదగినది కాదు. 1942లో, యుద్ధం సాగుతుండగానే, టోక్యో బాధ్యతలను కుమారుడు కిషోమారుకు అప్పగించి ఇవామా గ్రామానికి వెళ్ళి వ్యవసాయం చేస్తూ సాధన కొనసాగించాడు. ఐకిడో అనే పేరు అధికారికంగా నమోదైనది ఆ సంవత్సరమే.

చివరి సంవత్సరాలు

యుద్ధానంతరం ఆక్రమణ ప్రభుత్వం యుద్ధవిద్యలపై ఆంక్షలు విధించింది. 1948లో ఐకికాయ్ సంస్థకు ప్రభుత్వ గుర్తింపు లభించింది. 1961లో ఉయెషిబా హవాయి దీవులలో పర్యటించాడు. 1969లో కాలేయ క్యాన్సరుతో 85వ యేట మరణించాడు. కిషోమారు ఆయన స్థానాన్ని స్వీకరించి 1999లో మరణించే వరకు కొనసాగాడు. అనంతరం మనుమడు మొరితెరు ఆ బాధ్యత చేపట్టాడు.